కెందులి తిరునాళ్ళు: పాటయు భిక్షయు

సౌరమాన పౌషమాసము ముగిసి సూర్యుడు మకరరాశిని ప్రవేశించు పుణ్యకాలమున, పశ్చిమ వంగదేశమునందలి బీర్‌భూమ్ జిల్లాలో, అజయ నది యొడ్డునగల కెందులి యను గ్రామమున గొప్ప తిరునాళ్ళు జరుగును. భక్తులు తెల్లవారుజామున చలిని లెక్కసేయక నదీస్నానము చేసి, రాధావినోదుని దర్శింతురు. చీకటి పడినది మొదలు మఱ్ఱిచెట్లక్రిందను డేరాలలోను బౌలులను గాయకసాధకులు కూడి తెల్లవారువరకు పాడుదురు. ఈ పాట వినుటకు రుసుము లేదు. కులమతముల విచారణ లేదు. అనేక అఖాడాలలో, ఆకలిగొని వచ్చి కూర్చున్నవాని ముందు విస్తరి వేసి కిచిడీ వడ్డింతురు. ఇంతటి ఉదారమైన ఉత్సవము దేనిపై ఆధారపడి నిలిచియున్నది? ఊరక లభించు పాటను వినువాడు దానికి బదులుగా ఈయవలసినది ఏమైన కలదా? ఈ రెండు ప్రశ్నలను విచారించుట సాధకునకు మేలు చేయును.

జయదేవుని స్మృతి

ఈ తిరునాళ్ళు గీతగోవింద కర్తయైన జయదేవుని పేర వెలసినది. ఆయన 12వ శతాబ్దమున వంగరాజైన లక్ష్మణసేనుని ఆస్థానమును అలంకరించెనని ప్రసిద్ధి. వంగీయులు ఆయన జన్మస్థానము ఈ కెందులియే యందురు. పూరీ సమీపమునగల కెందులి శాసనమే యని ఓఢ్రులందురు. ఒక భక్తకవిని రెండు దేశములు తమవాడని వాదించుకొనుట ఆయన కీర్తికి నిదర్శనము. పండ్రెండు సర్గలు, ఇరువదినాలుగు అష్టపదులు గల ఆ కావ్యము పూరీ జగన్నాథుని సన్నిధిని, కేరళ దేవాలయముల సోపానములయొద్దను, ఆంధ్రదేశమున భజనగోష్ఠులలోను, కూచిపూడి నాట్యమునను నేటికిని గానము చేయబడుచున్నది. సిక్కుల పవిత్ర గ్రంథమునందును జయదేవుని పేర రెండు పదములు కలవు.

స్థానికముగా రెండు కథలు చెప్పుకొందురు. జయదేవుడు దూరమునగల గంగకు నడచిపోయి స్నానమాడెడివాడట. వార్ధక్యమున శరీరము సహకరింపకపోగా, గంగాదేవి కరుణించి సంక్రాంతినాడు తానే ఎదురేగి అజయ నదిలో ప్రవేశింతునని మాట యిచ్చెనట. నాటినుండి ఆనాటి అజయస్నానము గంగాస్నానతుల్యమని జనుల విశ్వాసము. రెండవ కథ కావ్యమునకు సంబంధించినది. శ్రీకృష్ణుడు రాధ పాదమును తన శిరస్సుపై నుంచుమని ప్రార్థించు భావము మనసున తోచగా, ప్రభువు విషయమున అట్లు వ్రాయుట అపరాధమని జయదేవుడు సంకోచించి, ఘంటమును విడిచి స్నానమునకు పోయెను. ఆయన రూపమున స్వామియే వచ్చి, ఆ చరణమును పూరించి, పద్మావతి వడ్డించిన భోజనము చేసి వెడలిపోయెనట.

ఈ రెండు కథలలోను ఒకే తత్త్వము కలదు. భక్తుడు చేరజాలని చోటికి భగవంతుడే దిగివచ్చును. నది ఎదురు నడచెను. దేవుడు ఇంటికి వచ్చి, పెట్టినది తినెను. కెందులి తిరునాళ్ళలో అడుగకయే అన్నము పెట్టుటకును, పిలువకయే వచ్చినవానికి పాట వినిపించుటకును ఈ భావమే తగిన మూలమై యున్నది.

బౌలుల మార్గము

బౌలు అను పదము సంస్కృతమునందలి వాతుల శబ్దమునుండియో, వ్యాకుల శబ్దమునుండియో పుట్టినదని పండితులు చెప్పుదురు. మొదటిదానికి పిచ్చివాడనియు, రెండవదానికి ఆరాటపడువాడనియు అర్థము. భగవంతునికై తపించువాడు లోకమునకు పిచ్చివానివలె కనబడును గనుక రెండర్థములును పొసగును. వైష్ణవ భక్తి, సూఫీ ఫకీరుల ప్రేమమార్గము, ప్రాచీన తాంత్రిక బౌద్ధుల సాధనలు ఈ మార్గమున కలసినవి. హిందువులు బౌలులుగను, మహమ్మదీయులు ఫకీరులుగను పిలువబడుటయే తరచైనను, ఒకరి పాటను మరియొకరు పాడుకొందురు. కుష్ఠియా సమీపమున ఛేవుడియా గ్రామమున నివసించి 1890లో దేహము చాలించిన లాలన్ ఫకీరు తన కుల మేదియో చెప్పుటకు నిరాకరించెను. ఆయన శిష్యులలో ఉభయమతములవారును ఉండిరి. ఆ గ్రామము ఇప్పుడు బంగ్లాదేశమునందున్నది. అచ్చటను ఏటేట సాధుసమావేశములు జరుగుచున్నవి.

దేహమే దేవాలయమనియు, హృదయమున వసించు ఆత్మీయుని వెదకుటయే యాత్రయనియు బౌలుల సిద్ధాంతము. వారు ఆయనను మనసులోని మనిషి యని పిలుతురు. ఆ మనిషిని వెదకుచు గగన్ హర్‌కరా అను గ్రామీణ తపాలా బంట్రోతు పాడిన పాట యొక్క బాణీనే రవీంద్రనాథ ఠాకూరు 1905లో తన దేశభక్తి గీతమునకు గ్రహించెను. అది నేడు బంగ్లాదేశ జాతీయగీతము. 1930లో ఆక్స్‌ఫర్డునందు మానవధర్మమును గూర్చి చేసిన ఉపన్యాసములలోను రవీంద్రుడు బౌలుల తత్త్వమును ప్రశంసించెను. యునెస్కో సంస్థ 2008లో బౌలు గీతములను మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వ పట్టికలో చేర్చినది.

పాట ఎట్లు పోషింపబడెను?

బౌలు జీవిక మాధుకరము. తుమ్మెద పువ్వును నలుపక కొంచెము కొంచెముగా తేనెను గ్రహించినట్లు, సాధువు ఇల్లిల్లు తిరిగి పిడికెడు బియ్యము స్వీకరించును. ఏకతారను మీటుచు వాకిట పాడును. గృహిణి బియ్యము తెచ్చి జోలెలో వేయును. ఇందు పాటకు ధర నిర్ణయింపబడలేదు. పేదరాలు గుప్పెడు వేసినను, సంపన్నురాలు చేటెడు పోసినను పాట ఒక్కటియే. ఇచ్చువారు ఎక్కువవారు కారు, పుచ్చుకొనువారు తక్కువవారు కారు.

తిరునాళ్ళు ఈ మాధుకరమునకే విస్తృతరూపము. వర్షాకాలమున నాటిన వరి మార్గశీర్ష పౌషములలో కోతకు వచ్చి, సంక్రాంతినాటికి గాదెలు నిండును. క్రొత్త బియ్యపు పిండివంటలతో ఇండ్లు కలకలలాడును. అప్పుడు గృహస్థులు తమ గురువుల అఖాడాలకు బియ్యము, పప్పు, కూరగాయలు చేర్చుదురు. శిష్యులు కట్టెలు కొట్టి, నీరు మోసి, పెద్ద పాత్రలలో వండుదురు. వాకిటికి భిక్షకై వచ్చిన సాధువే ఇచ్చట గృహస్థునకు అన్నము పెట్టును. భిక్ష ఒక చుట్టు తిరిగి ప్రసాదమై వచ్చుచున్నది. కావున ఈ ఉత్సవము ఉచితమైనను దాని వెనుక రైతు శ్రమయు, గృహిణి దానమును, శిష్యుని సేవయు కలవు.

తెలుగునాట పోలిక

ఈ ధర్మము తెలుగువారికి క్రొత్తది కాదు. అదే సంక్రాంతి దినములలో తలపై అక్షయపాత్ర ధరించి, చేత చిడతలు తంబురలతో హరిదాసు వాకిట నిలుచును; పిల్లలు దోసిళ్ళతో బియ్యము తెచ్చి ఆ పాత్రలో పోయుదురు. పంట ఇంటికి వచ్చిన వేళనే పాట వాకిటికి వచ్చుట ఉభయదేశములకును సమానము. ఇక దేహతత్త్వమును ఏకతారపై పాడు మార్గమును తెలుగునాట పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి తత్త్వములలో చూడవచ్చును. దూదేకుల సిద్ధయ్య ఆయన ప్రియశిష్యుడగుట, మతభేదము లేని ఆ గురుకృపకు తార్కాణము.

ఆ సంప్రదాయమునందే హెచ్చరికగా నిలిచిన కథ యొకటి కలదు. దేహమునందలి చక్రములలో దేవతలు వసింతురని స్వామి బోధించుచుండగా కక్కయ్య యనువాడు వినెను. అది అక్షరాల నిజమని తలచి, ఇంటికి పోయి నిద్రించుచున్న భార్య శరీరమును కోసి చూచెను. అచ్చట దేవతలెవరును కనబడకపోగా స్వామిని నిందించెను. స్వామి కరుణించి ఆమెను బ్రతికించి, అతనికి జ్ఞానోపదేశము చేసెనని ఐతిహ్యము. తత్త్వమును వినుట సులభము. వినినదానిని గ్రహించుటకు గురువును, ఓర్పును కావలయును. బౌలులు తమ సాధనను గూఢభాషలో దాచిరనుటకును కారణమిదియే. పడవ, పంజరము, తాళము అని పైకి వినబడు మాటలు లోపల ప్రాణమును, దేహమును, మనస్సును సూచించును.

నేటి పరీక్ష

కాలము మారినది. 1967లో పూర్ణదాస్ బౌల్ అమెరికాకు పోయి పాడినది మొదలు ఈ పాట సముద్రములు దాటినది. బౌలులకు రంగస్థలములు, ధ్వనిముద్రణలు, ధనము లభించినవి. పాడువాని బిడ్డలు పస్తుండవలెనని ఎవ్వరును కోరరాదు గనుక ఇది దోషము కాదు. కాని మాధుకరమున పాట గృహిణి ముఖమును చూచి పుట్టును. రంగస్థలమున చప్పట్లను చూచి పుట్టవచ్చును. కెందులియందును గొప్ప ధ్వనివర్ధకములు చేరి, ఒక డేరాలోని హోరు ప్రక్కడేరాలోని ఏకతారను ముంచివేయుచున్నది. గురువు పదియేండ్లు పెట్టి నేర్పినది ఒక రాత్రి వినోదమై పోవు ప్రమాదము కలదు.

ఈ ప్రమాదమునుండి పాటను గాయకుడొక్కడే కాపాడజాలడు. శ్రోతయు భాగస్వామి కావలెను. ఉచితముగా లభించిన వస్తువునెడల మనుష్యుడు తరచుగా అశ్రద్ధ చూపును. గాలినీరుల విషయమున జరుగుచున్నది ఇదియే. తిరునాళ్ళకు పోవువాడు మొదట మౌనముగా వినవలెను. ఒక పాటనైన అర్థము తెలిసినవారి నడిగి తెలిసికొనవలెను. అన్నము తిన్నచోట నాలుగు విస్తళ్ళు ఎత్తవలెను, లేక పిడికెడు బియ్యము చేర్చవలెను. ఇంటికి వచ్చిన పిమ్మట, వాకిట నిలిచిన హరిదాసును వట్టిచేతులతో పంపకుండవలెను.

సంక్రాంతి రాత్రి గడచి, తెల్లవారి మంచులో బౌలులు జోలెలు భుజమున వేసికొని తమ తమ త్రోవలను పోవుదురు. అజయ నది ఒడ్డున ఆరిన పొయ్యిలు మాత్రము మిగులును. మరుసటి యేడు వానిని మరల వెలిగించుటకు ఎవరో ఒకరు బియ్యము తేవలెను. ఎవరో ఒకరు కట్టెలు మోయవలెను.