కుక్కలలో తీవ్రమైన దురద: కారణాలు, చికిత్స, పైరు మందులతో ప్రమాదం

మిరప ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి కారణమని గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులకు విడమర్చి చెప్పనక్కరలేదు. ముడత తీరును గమనించిన తరువాతే వారు మందును ఎంచుకుంటారు. కుక్కల దురద విషయంలో మాత్రం ఇంతటి పరిశీలన అరుదు. గుంటూరు బ్రాడీపేటలో మేడపై పెరిగే కుక్కకైనా, పెదనందిపాడు, పర్చూరు ప్రాంతాలలో పత్తి చేను కాసే కుక్కకైనా ఒళ్ళు కొరుక్కొని పుండ్లు పడితే దానికి గజ్జి అనే ఒకే పేరు పెడతారు. ఇంట్లో మిగిలిన పురుగుమందును నీటిలో కలిపి పూయటం దీనికి తరువాతి మెట్టు. దురద సాధారణంగా ప్రాణం తీయదు, ఈ వైద్యం తీయగలదు.

దురద చోటును బట్టి కారణం

• తోక మొదలు, నడుము: ఫ్లీ అనే గెంతే కీటకాల లాలాజలం పడని కుక్కలు ఇక్కడ ఎక్కువగా కొరుక్కుంటాయి. కొద్దిపాటి కాట్లకే దురద తీవ్రమవుతుంది.
• చెవి అంచులు, మోచేతులు, వెనుక కాళ్ళ మడమలు: సార్కోప్టిస్ అనే గజ్జి నల్లి చర్మంలో సొరంగాలు చేస్తుంది. ఇది ఇతర కుక్కలకు త్వరగా అంటుకుంటుంది. కుక్కను ఎత్తుకునే వారికి కూడా తాత్కాలికంగా దద్దుర్లు రావచ్చు.
• ముఖం, పాదాలు, చంకలు, పొట్ట: ధూళి, పుప్పొడి, ఆహారం వలన కలిగే ఎలర్జీ లక్షణమిది. పుప్పొడి, ధూళి ఎలర్జీ సాధారణంగా 6 నెలల నుండి 3 సంవత్సరాల వయసులో మొదలవుతుంది.
• వెంట్రుకలు రాలిన మచ్చలు: డెమోడెక్స్ నల్లి పుట్టిన తొలి రోజులలో తల్లి నుండి పిల్లలకు చేరుతుంది. బాక్టీరియా సోకితే తప్ప దురద అంతగా ఉండదు.
• చెవులు, వేళ్ళ సందులు: ఇవి పిడుదులు దాగే చోట్లు. పిడుదులు దురదతో పాటు ఎర్లిషియా, బబీసియా వ్యాధులను వ్యాపింపజేస్తాయి.

పైరు మందు, కుక్క మందు ఒకటి కాదు

ఈ పొరపాటుకు ఒక కారణముంది. మిరప, పత్తి రైతులకు తెలిసిన ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్ మందులు కుక్క మెడపై వేసే చుక్కల మందులలో కూడా ఉన్నాయి. మిరపలో వాడే ఫ్లక్సామెటమైడ్, కుక్కలకిచ్చే ఫ్లూరలానర్ బిళ్ళ ఒకే ఐసోక్సాజోలిన్ వర్గానికి చెందినవి. అయితే పేరు కలిసినంత మాత్రాన మందు ఒకటి కాదు. పైరు మందులోని ద్రావణులు, ఎమల్సిఫయర్లు ఆకుపై పిచికారీకి ఉద్దేశించినవి. జంతువు చర్మానికి పూయుటకు అవి ఆమోదం పొందలేదు. పైగా పుండ్ల గుండా మందు త్వరగా రక్తంలో చేరుతుంది, ఒళ్ళు నాకే అలవాటు వలన నోటి ద్వారా కూడా చేరుతుంది. ప్రొఫెనోఫాస్, ఎసిఫేట్ వంటి ఆర్గానోఫాస్ఫేట్లు మరింత ప్రమాదకరం. వాడేసిన ఇంజన్ ఆయిల్, కిరోసిన్ కూడా పూయరాదు.

చికిత్స

మొదట పశువైద్యుని చేత చర్మాన్ని గీకించి సూక్ష్మదర్శినితో పరీక్ష చేయించాలి. ఫ్లీలు, పిడుదులకు వైద్యుని సలహాపై బరువును బట్టి ఫ్లూరలానర్ (సుమారు 12 వారాలు పనిచేస్తుంది) లేదా అఫోక్సోలానర్ (ఒక నెల) బిళ్ళలు ఇవ్వవచ్చు. ఇవి గజ్జి నల్లులపై కూడా పనిచేస్తాయి. మూర్ఛ వచ్చిన చరిత్ర ఉంటే ముందుగా వైద్యునికి చెప్పాలి. ఐవర్‌మెక్టిన్ కోలీ వంటి జాతులకు విషతుల్యం కావచ్చును కనుక సొంతంగా వాడరాదు.

కారణం తేలకుండా ప్రెడ్నిసోలోన్ వాడితే దురద తగ్గినట్లు కనిపించినా డెమోడెక్స్, శిలీంధ్ర వ్యాధులు ముదురుతాయి. ఆహార ఎలర్జీ అనుమానముంటే ఇంతకు ముందు తినని మాంసకృత్తులతో కనీసం 8 వారాలు ఆహార పరీక్ష జరపాలి. పుండ్లను నాకకుండా మెడకు గరాటు పట్టీ కట్టాలి.

పరిసరాల శుభ్రత

ఫ్లీ గుడ్లు కుక్క ఒంటి నుండి నేలపై రాలుతాయి. గూడులోని ప్యూపాలు నెలల తరబడి బ్రతకగలవు. ఆడ పిడుదు వేల గుడ్లను గోడ పగుళ్ళలో పెడుతుంది. కావున పరుపులను వేడినీటితో ఉతికి, ఎండలో ఆరవేయాలి, పగుళ్ళను పూడ్చాలి. ఇంట్లోని కుక్కలన్నింటికీ ఒకేసారి చికిత్స చేయాలి.

విషం సోకినపుడు

చొంగ, వాంతులు, వణుకు, కండరాల అదురు, కంటిపాప సూదిమొనంత కుంచించుకుపోవటం ఆర్గానోఫాస్ఫేట్ విష లక్షణాలు. చేతులకు తొడుగులు వేసుకొని సబ్బునీటితో ఒళ్ళు కడగాలి. వాంతి చేయించే ప్రయత్నం చేయరాదు. మందు సీసాతో సహా వెంటనే పశువైద్యశాలకు తీసుకువెళ్ళాలి. సీసాపై ఉన్న పేరును బట్టే అట్రోపిన్ అవసరమా కాదా అన్నది వైద్యుడు త్వరగా నిర్ణయించగలడు.

ముడత తీరు చూడకుండా మందు చల్లితే మిరపకు పెట్టుబడి దండుగ అవుతుంది. దురద కారణం చూడకుండా మందు పూస్తే చేను కాసే కుక్కనే కోల్పోవలసి వస్తుంది.