నీటినుండి ఉదజని

తణుకు ఆంధ్రా షుగర్స్ సంస్థ పేరు వినగానే మీకు చెఱకు బండ్లు జ్ఞప్తికి వచ్చును. 1947లో స్థాపింపబడిన ఈ సంస్థకు గోపాలపురము దాపుననున్న సగ్గొండలో కాస్టిక్ సోడా కర్మాగారము గలదు. అచ్చట ఉప్పునీటిలో విద్యుత్తును ప్రసరింపజేసి సోడాను, క్లోరినును తీయుదురు. అప్పుడు ఋణధ్రువమున ఉదజనియు వెలువడును. అది ఉప్పులోనిది కాదు, నీటిలోనిది.

నీటిని విడదీయుటకు లెక్కప్రకారము 1.23 వోల్టులు చాలును. కాని అంతమాత్రమున బుడగ యొక్కటియైనను కనబడుట అరుదు. కర్మాగారములలో 1.8 వోల్టులో, అంతకు మించియో వాడవలసివచ్చును. అధికమైనదానిలో కొంత వేడిగా వ్యర్థమగును. కాలువ గట్టు దాటింపవలెనన్న నీటిని చేదలతో ఎత్తిపోయవలెను. తూము పెట్టినచో ఆ శ్రమ తప్పును. ధ్రువముపై నుండు ఉత్ప్రేరకము అట్టి తూము. అది ఉదజని పరమాణువును గట్టిగా పట్టరాదు, వెంటనే విడువనురాదు. ఈ పని ప్లాటినము చక్కగా చేయును. ఆమ్లజని పుట్టు ధనధ్రువమునకు, ద్రవము ఆమ్లమైనచో, ఇరిడియము కావలెను. లోకమంతట ఏటికి దొరకు ఇరిడియము పది టన్నులకు లోపే!

అయితే నీటిలో క్షారమును కలిపినచో నికెలు, ఇనుము కరగక నిలుచును. ఋణధ్రువమున నికెలు, మాలిబ్డినముల మిశ్రమము ప్లాటినమునకు చేరువగా పనిచేయును. ధనధ్రువపు సంగతి మఱింత వింత. నికెలు ఆక్సైడునకు రవంత యినుము సోకినను దాని శక్తి హెచ్చునని 1987లో కొరిగన్ అను శాస్త్రజ్ఞుడు చూపెను. మన మేకులలోని యినుమే సుమా!

మీరు ఇంట ప్రయత్నించినచో ఉప్పు వేయకుడు, విషవాయువగు క్లోరిను పుట్టును. చాకలి సోడా వేసి, గిన్నె మూయక, దీపము దాపునకు రానీయక చూడుడు.

ఇదంతయు ఎవరికొఱకన్నచో, మన వరిచేలకు చల్లు యూరియా అమ్మోనియానుండియు, అమ్మోనియా ఉదజనినుండియు వచ్చును. ఆ ఉదజనిని నేడు అధికముగా సహజవాయువునుండి తీయుచున్నారు. కిలోకు సుమారు 9 కిలోల బొగ్గుపులుసుగాలి పుట్టును. నీటినుండి తీయుటకు విద్యుత్తు వెల యధికమైనచో ఎరువు వెలయు పెరుగును, రైతు కొనజాలడు.

2025 జనవరి 8న విశాఖపట్టణము చెంత పూడిమడకలో ఎన్.టి.పి.సి. వారి హరిత ఉదజని కేంద్రమునకు శంకుస్థాపన జరిగినది. ఎండ, గాలులవలన పుట్టు విద్యుత్తుతో ఉదజనిని తీయుట దాని యుద్దేశము. ఎండ తగ్గి విద్యుత్తు ఆగినప్పుడెల్ల ధ్రువములలో ఎదురు ప్రవాహము పుట్టి నికెలు పూతను చెఱచును. ఆ పూత ఏండ్ల తరబడి నిలుచునట్లు చేయుటయే ఇప్పుడు శాస్త్రజ్ఞుల యెదుట నున్న పని.