కీబోర్డుకూ కావాలి ఒక టోకెన్

ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రం ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్. రైల్వే ఉద్యోగాల కోసం వచ్చి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ ఇళ్ళలో పాతతరం వారికి 'టోకెన్' అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. టోకెన్ పద్ధతి ఉన్న సింగిల్ లైనులో, స్టేషన్ మాస్టరు ఇచ్చిన టోకెన్ చేతికి అందనిదే డ్రైవరు బండిని ముందుకు పోనివ్వడు. నీల్ యంత్రంలో అది ఒక లోహపు బంతి. రెండు స్టేషన్లలోని యంత్రాలు విద్యుత్ తీగతో జతపడి ఉంటాయి. ఒక బంతి బయట ఉన్నంతసేపు మరొకటి బయటికి రాదు.

కంప్యూటర్‌లోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. తెరమీద విండోలు ఎన్నో, కీబోర్డు ఒక్కటే. నొక్కిన అక్షరం ఏ విండోకు చేరుతుందో దానికి 'ఫోకస్' ఉందంటారు.

ఒక టెక్స్ట్ ఎడిటర్ వెనకాల తెరిచే ఉందనుకుందాం. ముందున్న ఫైల్ మేనేజర్‌లో ఒక ఫైలుపై డబుల్ క్లిక్ చేశారు. ఫైలు ఎడిటర్‌లో తెరుచుకుంది, కానీ ఎడిటర్ ముందుకు రాలేదు. అది గమనించక డిలీట్ కీ నొక్కితే, చెరగాల్సిన అక్షరానికి బదులు ఫైలే చెత్తబుట్టలోకి పోవచ్చు!

కారణం ఏమిటి? ఇలాంటి ఎడిటర్లు రెండోసారి ప్రారంభమైతే, కొత్త ప్రోగ్రాం ఫైలు పేరును పాతదానికి అప్పగించి తాను ముగిసిపోతుంది. అప్పుడు పాత ప్రోగ్రాం "నన్ను ముందుకు తీసుకురండి" అని అడుగుతుంది. విండోలను నడిపే వ్యవస్థ మాత్రం అడిగిన ప్రతి ప్రోగ్రాంకూ ఒప్పుకోదు. వాడేవారు నిజంగా కోరారా అని చూస్తుంది. లినక్స్‌లోని ఎక్స్ పద్ధతిలో చివరి క్లిక్ సమయం దీనికి ఆధారం. వేలాండ్‌లో దాన్ని 'యాక్టివేషన్ టోకెన్' అనే పేరుతోనే పిలుస్తారు. మైక్రోసాఫ్ట్ విండోస్‌లోనైతే అనుమతి లేని ప్రోగ్రాం ముందుకు రాలేదు. టాస్క్‌బార్‌లో దాని గుర్తు మిణుకుమంటుంది, అంతే.

ఈ కట్టడి అనవసరం కాదు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుపై 'పరీక్ష' టైపు చేస్తుండగా మరో విండో ఫోకస్ లాక్కుంటే, 'పరీక్' ఒకచోట, 'ష' ఇంకోచోట పడవచ్చు. యూనికోడ్‌లో 'క్ష' అంటే క, పొల్లు, ష అనే మూడు సంకేతాలు కదా! టైపు చేస్తున్నది పాస్‌వర్డ్ అయితే నష్టం మరింత పెద్దది.

కాబట్టి విండోను బలవంతంగా పైకి లాగడం పరిష్కారం కాదు. అది సిగ్నల్ దాటి బండి నడపడం లాంటిది. కొత్త ప్రోగ్రాం ఫైలు పేరుతోపాటు తనకు అందిన టోకెన్‌నూ పాతదానికి అప్పగించాలి. ఆ టోకెన్ చూపించే పాత ప్రోగ్రాం ముందుకు రావాలి. చాలాసార్లు తప్పు జరిగేది ఇక్కడే: పేరు చేరుతుంది, టోకెన్ దారిలో జారిపోతుంది.

సవరించాక మూడు పరీక్షలు చేయాలి. ఎడిటర్ మూసి ఉన్నప్పుడు ఫైలు తెరవాలి. వెనకాల ఉన్నప్పుడు తెరవాలి. మూడోసారి, ఫైలు తెరుచుకునేలోపు వేరే విండోలో టైపు చేయడం మొదలుపెట్టాలి. మొదటి రెండింటిలో ఎడిటర్ ముందుకు రావాలి. మూడోదాంట్లో రాకూడదు. అప్పుడే సవరణ పూర్తయినట్టు.