హైవే మీద మైలేజీ ఎందుకు పడిపోతోంది?

ప్రశ్న: మాది పెట్రోల్ కారు. హైదరాబాద్–విజయవాడ హైవే మీద 110, 120లో వెళ్తుంటాను. లీటరుకు 13 కిలోమీటర్లు కూడా రావడం లేదు. సర్వీసింగ్‌లో చూపిస్తే లోపమేమీ లేదన్నారు. మరి పెట్రోల్ ఎటు పోతున్నట్టు?
– ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: చాలావరకు గాలికే పోతోంది. వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డుకునే బలం దాని వర్గం లెక్కన పెరుగుతుంది. 80లో ఉన్నదానికి 120లో అది రెండుంబావు రెట్లు. పైన క్యారియర్ బిగించి ఉంటే ఇంకా ఎక్కువ. సామాను లేనప్పుడు దాన్ని విప్పేయండి.

ఇక టైమంటారా? 100 కిలోమీటర్లకు 80లో గంటంబావు, 120లో 50 నిమిషాలు. ఆ తేడా కాగితం మీదే. టోల్‌గేట్లు, లారీలు, ఊళ్ల దగ్గర క్రాసింగులు దాటేసరికి అందులో మిగిలేది కొంతే. పైగా ఆ రోడ్డు మీద 120 అంటే పరిమితి దాటినట్టే. 80–90 మధ్య నిలకడగా నడిపి చూడండి.

బ్రేక్ కూడా ముఖ్యమే. బ్రేక్ నొక్కిన ప్రతిసారీ, పెట్రోల్ కాల్చి అందుకున్న వేగం వేడిగా మారి చక్రాల దగ్గరే పోతుంది. దూరంగా లారీ వెనక ఎర్రలైట్లు వెలగ్గానే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయండి, గేరు మాత్రం అలాగే ఉంచండి. బండి తనంతట తానే నెమ్మదిస్తుంది. మీరు దగ్గరయ్యేలోపు చాలాసార్లు లారీ కదిలిపోతుంది కూడా. చివరి క్షణం దాకా తొక్కి, గట్టిగా బ్రేకేసి, మళ్లీ తొక్కే అలవాటు మానితే ఊళ్లో కూడా తేడా కనిపిస్తుంది.

టైర్లలో గాలి పొద్దున్నే, బండి తీయకముందు చూసుకోండి. ఎంత ఉండాలో చాలా కార్లలో డ్రైవర్ డోర్ ఫ్రేమ్ మీద స్టిక్కర్ ఉంటుంది.

ప్రశ్న: తిరుమల ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్‌లో పెడితే పెట్రోల్ మిగులుతుందని మా బావగారంటారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: కాదమ్మా. ఇప్పటి కార్లలో గేరులో ఉంచి కాలు తీస్తే, దిగుడులో ఇంజన్‌కు పెట్రోల్ సరఫరా దాదాపు ఆగిపోతుంది. చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్‌లో మాత్రం ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి పెట్రోల్ కాలుతూనే ఉంటుంది. పైగా భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. ఆ మలుపుల్లో అవి వేడెక్కి పట్టు తప్పితే ప్రాణాలకే ముప్పు. రెండో గేరులోనో మూడో గేరులోనో దిగమని బావగారికి గట్టిగా చెప్పండి. కాలిన వాసన వస్తే, వీలైన చోట పక్కకు ఆపి, బ్రేకులు చల్లారాకే కదలండి.