రౌటర్‌లో ‘మల్టీకాస్ట్ ఫిల్టర్’: టిక్ పెట్టాలా, తీయాలా?

తిరుమల బ్రహ్మోత్సవాల ఐదో రోజు రాత్రి గరుడసేవ. కొండకు వెళ్లలేని పెద్దవాళ్లు ఇంట్లోనే ఎస్వీబీసీ చానల్ పెట్టుకుని కూర్చుంటారు. వాహనం మాడవీధిలోకి వచ్చేసరికి బొమ్మ బిగుసుకుపోతే ఆ బాధ ఇంతా అంతా కాదు. ఫైబర్ బాక్సు మీద టీవీ చూసే ఇళ్లలో ఈ తంటాకు చాలాసార్లు కారణం లైను కాదు, రౌటర్ ఫైర్‌వాల్ పేజీలో ‘మల్టీకాస్ట్ ఫిల్టర్’ పక్కన ఉన్న ఒక చిన్న టిక్ గుర్తు. దాన్ని ఎప్పుడు ముట్టుకోవాలో, ఎప్పుడు ముట్టుకోకూడదో తెలుసుకుంటే ఆపరేటర్‌కు చేసే ఫోన్లు సగం తగ్గుతాయి.

1. ముందు మీ ఇంటికి టీవీ ఏ దారిలో వస్తోందో చూసుకోండి. డాబా మీద డిష్ ఉంటే ఈ సెట్టింగుతో మీకు పని లేదు. పాత కేబుల్ వైరు అయినా అంతే. స్మార్ట్ టీవీలో యూట్యూబ్, ఓటీటీ యాప్‌లు మాత్రమే చూస్తుంటే కూడా అక్కర్లేదు, ఎందుకంటే అవి ఒక్కో ఇంటికి విడివిడిగా వీడియో పంపుతాయి. ఇంటర్నెట్ వచ్చే ఫైబర్ వైరులోనే చానళ్లు కూడా వచ్చి, సెట్‌టాప్ బాక్సు నెట్‌వర్క్ కేబుల్‌తో కలిపి ఉంటే అది ఐపీటీవీ. 2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ మన ఊళ్లకు తెచ్చింది ఈ పద్ధతినే: నెట్, ఫోను, టీవీ మూడూ ఒకే తీగ మీద. ఈ కింది మాటలు ముఖ్యంగా అలాంటి ఇళ్లకు.

2. మల్టీకాస్ట్ అంటే ఏమిటో ఒక్కసారి అర్థం చేసుకోండి. పుత్తూరు నుంచి కుప్పం దాకా వేల ఇళ్లలో ఒకే సమయంలో ఒకే చానల్ చూస్తున్నారు. ఇంటికో కాపీ చొప్పున పంపితే ఎంత పెద్ద లైనైనా చాలదు. అందుకే చానల్‌కు ఒకే ప్రవాహం బయల్దేరుతుంది. దారులు చీలిన చోట మాత్రమే కాపీ అవుతుంది, అదీ అడిగిన వైపుకే. ఆ అడగడానికి వాడే పద్ధతి పేరు ఐజీఎంపీ. మీరు రిమోట్‌లో చానల్ మార్చగానే బాక్సు ‘నాకు ఈ గుంపు కావాలి’ అని పైకి చెబుతుంది. ఈ గుంపుల చిరునామాలు 224 నుంచి 239 మధ్య అంకెతో మొదలవుతాయి.

3. నాలుగు నిమిషాల గుర్తు పట్టుకోండి. ఇదే అసలు కిటుకు. పైనున్న నెట్‌వర్కు మామూలుగా 125 సెకన్లకోసారి ‘ఇంకా చూస్తున్నారా?’ అని అడుగుతుంది. బాక్సు ‘అవును’ అనాలి. మధ్యలో ఫైర్‌వాల్ ఆ ప్రశ్నను గానీ జవాబును గానీ మింగేస్తే, 260 సెకన్ల తర్వాత ఎవరూ చూడటం లేదనుకుని పైవాళ్లు ప్రవాహం ఆపేస్తారు. చానల్ పెట్టగానే బాగా వచ్చి, నాలుగు నిమిషాల ఇరవై సెకన్లకు ఆగి, చానల్ మార్చి మళ్లీ పెడితే వస్తుంటే నూటికి తొంభై పాళ్లు గొడవ ఇక్కడే. గడియారం పెట్టుకుని చూడండి. అసలు ఏ చానలూ రాకపోయినా ఈ ఫిల్టర్‌ను అనుమానించవచ్చు. అలా కాకుండా ఎప్పుడు పడితే అప్పుడు గళ్లు గళ్లుగా చెదిరితే అది లైను బలహీనత. దానికి సెట్టింగులు మార్చి లాభం లేదు, వైరు చూడాలి.

4. టిక్ అర్థం కంపెనీని బట్టి తిరగబడుతుంది, జాగ్రత్త. లింక్‌సిస్ రౌటర్లలో సెక్యూరిటీ కింద ఫైర్‌వాల్ పేజీలో ‘ఫిల్టర్ మల్టీకాస్ట్’ అని ఉంటుంది. అక్కడ టిక్ పెడితే ఆపేసినట్టు. ఏసుస్‌లో ల్యాన్ కింద ఐపీటీవీ పేజీలో ‘మల్టీకాస్ట్ రౌటింగ్’ ఉంటుంది. అక్కడ ఎనేబుల్ అంటే వదిలినట్టు. ‘ఐజీఎంపీ ప్రాక్సీ’, ‘మల్టీకాస్ట్ పాస్‌త్రూ’ అన్న పేర్లు కనబడినా అదే అర్థం, వేస్తే దారి తెరిచినట్టు. ఐపీటీవీ ఉన్నవాళ్లు ఫిల్టర్ తీయాలి, ప్రాక్సీ వేయాలి. లేనివాళ్లు ఫిల్టర్ వేసి ఉంచుకున్నా నష్టం లేదు.

5. సొంత రౌటర్ కొని తగిలించారా? అయితే టీవీ బాక్సును దానికి కాకుండా, కంపెనీవాళ్లు బిగించిన ఫైబర్ డబ్బాకే నేరుగా కలపండి. మధ్యలో రెండో రౌటర్ వస్తే రెండు ఫైర్‌వాల్‌లు దాటాలి, చాలాచోట్ల టీవీకి వేరే వీల్యాన్ (అదే తీగలో విడిగా కేటాయించిన దారి) కూడా ఉంటుంది. ఆ డబ్బా వెనక టీవీ కోసం ఏ పోర్టు కేటాయించారో కేబుల్ ఆపరేటర్‌ను అడిగి తెలుసుకోండి. నా మాట వింటే, సెట్టింగులతో కుస్తీ పట్టేకన్నా పది మీటర్ల కేబుల్ లాగించుకోవడం మేలు.

6. టీవీ బాక్సును వైఫై మీద నడపకండి. వైఫైలో మల్టీకాస్ట్‌కు ‘అందింది’ అనే జవాబు రాదు. పోయిన ముక్క పోయినట్టే. పైగా అందరికీ వినబడాలని రౌటర్ దాన్ని అతి తక్కువ వేగంతో పంపుతుంది, 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒక్కోసారి 1 ఎంబీపీఎస్‌తోనే. చానల్ అందులో పట్టదు. అంతటితో ఆగదు, ఆ ఇంట్లో ఆన్‌లైన్ క్లాసు వింటున్న పిల్లల నెట్ కూడా నెమ్మదిస్తుంది. టీవీ పెట్టినప్పుడల్లా వైఫై కుంటుతోందంటే ‘ఐజీఎంపీ స్నూపింగ్’ వేసి చూడండి. అది ప్రవాహాన్ని అడిగిన పోర్టుకే పంపుతుంది, ఇల్లంతా చల్లదు.

7. ప్రింటర్ కనబడకపోయినా, ఫోన్లోంచి టీవీకి కాస్ట్ కాకపోయినా ఈ ఫిల్టర్‌ను తిట్టకండి. ఆ పరికరాలు ఒకదాన్నొకటి వెతుక్కునేదీ మల్టీకాస్ట్‌తోనే. కానీ అది ఇంటి లోపల జరిగే సంగతి, బయటి నెట్‌కు కాపలా కాసే ఫిల్టర్ సాధారణంగా దాని జోలికి రాదు. ‘ఏపీ ఐసొలేషన్’ (వైఫైలోని పరికరాలను ఒకదానికొకటి కనబడనివ్వని సెట్టింగు) వేసి ఉందేమో, ఫోను గెస్ట్ వైఫైలో ఉందేమో చూడండి. అవి కాకపోతే స్నూపింగ్‌ను కాసేపు ఆపి చూడండి. కొన్ని రౌటర్లలో అది సరిగా పనిచేయక పరికరాలను దాచేస్తుంది.

8. ఫైర్‌వాల్ లాగ్‌లో 224.0.0.1 పదేపదే కనబడితే ఎవరో హ్యాక్ చేస్తున్నారని కంగారుపడకండి. మూడో చిట్కాలో చెప్పిన ‘ఇంకా చూస్తున్నారా?’ ప్రశ్న అదే. 224.0.0.251, 239.255.255.250 అయితే మీ ఇంటి ఫోన్లు, టీవీలు ఒకదాన్నొకటి పిలుచుకుంటున్నాయి.

9. ఫిల్టర్ తీస్తే దొంగలు దూరుతారా అని అడుగుతారు. మామూలు ఇంటర్నెట్‌లో మల్టీకాస్ట్ ఒక నెట్‌వర్కు నుంచి ఇంకో నెట్‌వర్కుకు రాదు. మీ ఆపరేటర్ నెట్‌వర్కు లోపలి నుంచే వస్తుంది. కాబట్టి ఈ ఒక్క టిక్ తీసినందుకు తలుపు తెరుచుకోదు. అసలు ప్రమాదాలు వేరేచోట ఉన్నాయి: ‘అడ్మిన్’ అని వదిలేసిన పాస్‌వర్డ్, బయటినుంచి లాగిన్ అయ్యే రిమోట్ మేనేజ్‌మెంట్, అక్కర్లేకున్నా నడుస్తున్న యూపీఎన్‌పీ (పరికరాలు తమంతట తామే రౌటర్‌లో పోర్టులు తెరుచుకునే సదుపాయం). వాటిని మాత్రం ఈరోజే సరిచేయండి. లింక్‌సిస్ ఫైర్‌వాల్ పేజీలోనే కనబడే ‘ఫిల్టర్ అనానిమస్ ఇంటర్నెట్ రిక్వెస్ట్స్’ను వేసే ఉంచండి.

10. కొత్త తరం చిరునామా పద్ధతి ఐపీవీ6 వాడుతుంటే దాని మల్టీకాస్ట్‌నూ, దాని సందేశాల పద్ధతి ఐసీఎంపీవీ6నూ ఆపే ప్రయత్నం చేయకండి. పక్క పరికరాన్ని కనుక్కోవడానికే ఐపీవీ6 మల్టీకాస్ట్ మీద ఆధారపడుతుంది. ఆపితే నెట్టే పోతుంది.

11. మార్చేముందు ఆ పేజీని ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఒక్కసారి ఒక్కటే మార్చండి. సేవ్ చేసి, రౌటర్‌ను ఆపి వేసి, ఏదో ఒక చానల్‌ను రిమోట్ ముట్టుకోకుండా పది నిమిషాలు నడవనివ్వండి. 260 సెకన్లు దాటాక కూడా బొమ్మ కదులుతుంటే ఆ సెట్టింగును అలాగే వదిలేయండి. కొన్ని ఫైబర్ డబ్బాలను ఆపరేటర్ దూరం నుంచే సరిచేస్తుంటారు, అప్పుడు మీ మార్పు చెరిగిపోవచ్చు. మళ్లీ అదే ఇబ్బంది వస్తే ‘టీవీ రావట్లేదు’ అని ఊరుకోకుండా ‘చానల్ పెట్టిన నాలుగు నిమిషాలకు ఆగుతోంది, ఐజీఎంపీ చూడండి’ అని ఆపరేటర్‌కు చెప్పండి.