రాజా దీనదయాళు

నేడు నెల్లూరు చేరువనున్న మైపాడు తీరమున బాలుడొకడు చేతిఫోనుతో కెరటమును రెప్పపాటున చిత్రించును. 1874 ప్రాంతమున దీనదయాళు ఛాయాచిత్రకళ నభ్యసించునాడు పని యింత సులభము గాదు. గాజుపలకపై కొలోడియను పూసి, వెండి లవణపు నీట ముంచి, తడి యారకముందే చిత్రము తీసి, చీకటి గుడారమున కడుగవలెను. ఆలస్యమైనచో శ్రమయంతయు వ్యర్థము.

ఆయన 1844లో మీరటు దాపునగల సర్ధానాలో జన్మించెను. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో ప్రభుత్వపు కొలువున చేరెను. అది నెలనెల జీతము వచ్చు కొలువు. చిత్రములతో పొట్ట గడచునో లేదో యెవరెఱుగుదురు? ఐనను ఆయన దీర్ఘకాలపు సెలవు పుచ్చుకొని కోటలను, ఆలయములను చిత్రించెను. పిదప కొలువే విడిచెను.

ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆయన నాదరించెను. సికిందరాబాదున చిత్రశాల వెలసెను. ఘోషా స్త్రీలు పరపురుషుని యెదుటికి రారు గదా! వారికొఱకు 1892లో హైదరాబాదున వేఱొక శాల నేర్పరచి, ఆంగ్లవనిత కప్పగించెను. ఈ యుపాయము తక్కువది కాదు. 1894లో నిజాము ‘రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్’ బిరుద మొసగెను.

1905లో దీనదయాళు మరణించెను. ఆయన గాజుపలకలు రెండువేలకు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగా నున్నవి.