కడవెండి: ఒక చిన్న ఊరి చరిత్ర

పోటీ పరీక్షల గైడ్లలో కడవెండికి దక్కేది ఒకే ఒక్క బిట్టు. తెలంగాణ సాయుధ పోరాటంలో తొలి అమరుడు దొడ్డి కొమురయ్య, 1946 జూలై 4. జవాబు గుర్తుంటే ఒక మార్కు వస్తుంది. కానీ ఆ రోజు ఆ ఊరి జనం గడీ వైపు ఎందుకు నడిచారో ఆ బిట్టులో ఉండదు. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మనం తెలుసుకోవలసింది అదే.

కడవెండి ఇప్పుడు జనగామ జిల్లా దేవరుప్పుల మండలంలో ఉన్నది. నిజాం పాలనలో జనగామ తాలూకా నల్గొండ జిల్లా కింద ఉండేది. ఈ ప్రాంతమంతా విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి అధీనంలో ఉండేది. ఆయన కింద 60 గ్రామాలు, 40 వేల ఎకరాల భూమి ఉండేవని పోరాట చరిత్ర రాసినవారు చెప్పారు. కడవెండి గడీలో ఆయన తల్లి జానకమ్మ ఉండేది. జనం ఆమెను దొరసాని అనేవారు.

ఆ గడీ నడిచింది వెట్టి మీద. మాదిగలు చెప్పులు, మోటకు తోలు సామాను కుట్టి ఊరికే ఇవ్వాలి. మాలలు కబుర్లు మోయాలి, మూటలు మోయాలి. చాకలి బట్టలు ఉతకాలి, కుమ్మరి కుండలు ఇవ్వాలి, కురుమలు గొర్రెలు ఇవ్వాలి. కూలి అన్న మాటే లేదు. పచ్చి బాలింతలను కూడా పనికి పిలిచేవారట! మన హాస్టల్లో ఉన్న చాలామంది తాతముత్తాతల బతుకు ఇదే. రాజుల వంశవృక్షాలు నేర్చుకున్నంత శ్రద్ధగా ఈ వెట్టి గురించి కూడా నేర్చుకోవాలని నా అభిప్రాయం.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో దీనికి లెవీ ధాన్యం తోడైంది. పేద రైతు ఇల్లు ఊడ్చి గింజలు కొలిచేవారు, దొరల గరిసెల జోలికి మాత్రం పోయేవారు కాదు. 1944లో భువనగిరిలో జరిగిన ఆంధ్ర మహాసభ తరువాత సభ్యత్వ రుసుము ఒక్క అణా అయింది. అణా అంటే కూలివాడు కూడా ఇవ్వగలడు. ఊరూరా సంఘాలు పుట్టాయి. పక్కనే ఉన్న పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంటను కోసుకురమ్మని దేశ్‌ముఖ్ మనుషులను పంపితే, సంఘం వాళ్లు వారిని తరిమి వడ్లను ఐలమ్మ ఇంటికి చేర్చారు. దొరకు సంఘం మీద పగ పెరిగింది.

1946 జూలై 4న దేశ్‌ముఖ్ గూండాలు కడవెండిలో సంఘ నాయకుల ఇళ్ల మీద రాళ్లు రువ్వారు. జనం కర్రలు, వడిసెలలు పట్టుకొని నినాదాలు చేస్తూ ఊరేగింపుగా బయలుదేరారు. గడీ దగ్గరకు రాగానే తుపాకులు పేలాయి. ముందు వరుసలో ఉన్న కురుమ యువకుడు కొమురయ్య పొట్టలో గుండు తగిలి అక్కడే చనిపోయాడు. అతని అన్న మల్లయ్యకు మోకాలికి, మంగలి కొండయ్యకు నుదుటికి గాయాలయ్యాయి. ఈ ఇద్దరి పేర్లు ఏ బిట్టులోనూ రావు. తుపాకులు చూసి జనం చెల్లాచెదురు కాలేదు. గడీని చుట్టుముట్టారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లూ వచ్చి కలిశారు. సాయంత్రానికి రిజర్వు పోలీసులు దిగారు. కేసులు మాత్రం సంఘం వాళ్ల మీద పెట్టారు!

ఆ తరువాత పోరాటం ఊళ్లకు ఊళ్లుగా పాకింది. వెట్టి ఆగిపోయింది. 1948 సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాక కూడా పోరాటం సాగి 1951 అక్టోబరులో ముగిసింది.

కడవెండిలో చూడవలసింది కొమురయ్య స్మారక స్తూపం. ఏటా జూలై 4న అక్కడ జనం చేరి నివాళులు అర్పిస్తారు. వెళ్లేవాళ్లు జనగామ–సూర్యాపేట రోడ్డు మీద కామారెడ్డిగూడెంలో ముందుగా ఆగాలి. అక్కడ షేక్ బందగీ సమాధి ఉన్నది. తన భూమి కోసం దేశ్‌ముఖ్‌ను ఎదిరించి కోర్టులో కొట్లాడిన చిన్న రైతు బందగీ. దొర మనుషులు అతన్ని 1940 ప్రాంతంలో దారి కాచి చంపారు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మా భూమి' నాటకానికి అతని కథే ఆధారం. కొమురయ్య కంటే ఐదారేళ్ల ముందటి సమాధి కనుక, దాన్ని చూశాక కడవెండికి పోతే వరుస సరిగ్గా అర్థమవుతుంది. వీలుంటే అటునుంచి పాలకుర్తి కూడా పోయి రావచ్చు.